మణిపూర్ గురించి మన ఎంపీతో పార్లమెంటులో అడిగించాలంటే ఏం చేయాలి?

మాది నెల్లూరు జిల్లా కావలి. మా వీధిలో అద్దెకుంటూ పార్లర్‌లో పనిచేసే అమ్మాయిది మణిపూర్‌లోని చురాచాంద్‌పూర్. వాళ్ల అమ్మానాన్నలు ఇంకా సహాయ శిబిరంలోనే ఉన్నారు, వీడియో కాల్‌లో చూపించింది, ఒకటే హాలు, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య దుప్పటి అడ్డం, గోడ మేకుకు పిల్లల పుస్తకాల సంచులు.

2023 మే 3న మొదలైన గొడవలివి. అక్కడి రెండు వర్గాలు, మెయితీలు, కుకీలు ఇద్దరూ ఇళ్లు పోగొట్టుకున్నారు, 250 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60 వేల మంది ఊళ్లు వదిలారు. ఇద్దరు మహిళలను గుంపు నగ్నంగా ఊరేగించిన వీడియో జులైలో బయటికొచ్చిన రోజుల్లో తప్ప మన టీవీల్లో దీని మీద గట్టి చర్చ నేను చూడలేదు. ప్రధాని మాట్లాడింది కూడా ఆ వీడియో వచ్చాకే, అక్కడికి వెళ్లింది 2025 సెప్టెంబర్‌లో. మన జిల్లాలో ఇలా జరిగితే ఊరుకునేవాళ్లమా? నాకు చాలా బాధగా, కోపంగా ఉంది.

పునరావాసం మీద లోక్‌సభలో ప్రశ్న వేయమని మన ఎంపీకి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ప్రశ్న వేయడానికి ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలట. నెల్లూరు ఆఫీసులో ఇస్తే కదులుతుందా, ఢిల్లీకే పంపాలా, ఎవరైనా ఇలా చేయించారా?

ఇంకోటి, శిబిరాల్లో పిల్లలకు నోటు పుస్తకాలు, స్వెటర్లు పంపాలి. ఒక్క వర్గానికే పంపడం నాకిష్టం లేదు, మెయితీలు ఎక్కువగా ఉండే ఇంఫాల్‌లోనూ, కుకీలు ఎక్కువగా ఉండే చురాచాంద్‌పూర్‌లోనూ పంచే నమ్మకమైనవాళ్లు తెలిస్తే చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దయచేసి.