రసగుల్లా డబ్బా యాంటెన్నా: పేరు కనిపిస్తుంది, కనెక్ట్ అవ్వదు

వంశధార ఒడ్డు:
గుణుపురం దగ్గర ఐటీఐ పిల్లలకి వైఫై యాంటెన్నాలు చేత్తో చేయించే వర్క్‌షాప్ నడుపుతున్నాం. సగం మంది తెలుగు, సగం మంది ఒడియా, రెండిట్లోనూ చెప్తున్నాం గానీ యాంటెన్నాగా మార్చిన డబ్బానే మా మాట వినట్లేదు, వైఫై పేరు కనిపిస్తుంది గానీ కనెక్ట్ అవ్వదు. రూటర్ 2.4 గిగాహెర్ట్జ్. రసగుల్లా డబ్బా, వెడల్పు 10 సెం.మీ., పొడవు 12. అడుగు నుంచి 31 మి.మీ. దగ్గర కన్నం పెట్టి ఎన్-టైప్ కనెక్టర్ బిగించాం, లోపల రాగి తీగ కూడా 31. డాబా మీంచి గదిలో ఉన్న రూటర్ దాకా ఆరు మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. అవతల స్కూలు కిలోమీటరు, మధ్యలో మామిడితోట. కొన్న యాంటెన్నా పెట్టమనకండి, అలాగైతే వర్క్‌షాప్ దేనికి?

టంకం మేస్త్రి:
మాస్టారూ, తీగ పొడవు సరిపోయింది. గాలిలో ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెం.మీ. పైచిలుకు, అందులో పావు. కానీ కన్నానికి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే డబ్బా లోపల తరంగం పొడవు పెరుగుతుంది, ఎంత పెరుగుతుందనేది డబ్బా వెడల్పుని బట్టి ఉంటుంది. 90 మి.మీ. వెడల్పు డబ్బాకి అడుగు నుంచి 51 దగ్గర కన్నం పెట్టాలి, 83 డబ్బాకి 62 దగ్గర. సన్నబడేకొద్దీ దూరం పెరుగుతుంది, పిల్లలు తికమకపడేది ఇక్కడే, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పండి. మీ డబ్బాకి 44 వస్తుంది గానీ, అంత వెడల్పులో టీఎం01 అని ఇంకో రకం తరంగం కూడా దూరి బీమ్‌ని పాడుచేస్తుంది. పైగా పొట్టిది. స్కేలు పట్టుకుని కిరాణా కొట్టుకెళ్ళి 9 సెం.మీ. వెడల్పు, 15న్నరకి తగ్గని పొడవు ఉన్నది చూసుకోండి.

రాయగడ టవర్:
డబ్బా సంగతి తర్వాత, ముందు ఆ కేబుల్ తీసెయ్యండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 మీటరుకి దాదాపు 1 డెసిబెల్ తినేస్తుంది, ఆరు మీటర్లకి పవర్ నాలుగో వంతే మిగులుతుంది. రూటర్‌నే ప్లాస్టిక్ పెట్టెలో డాబా మీద పెట్టి, కిందికి ఈథర్నెట్ వైరు లాగండి. ఇక తోట. అవతలి డాబా కంటికి కనిపిస్తే చాలదు, కిలోమీటరు లింకుకి నడిమధ్యలో, రెండు యాంటెన్నాలని కలిపే గీత చుట్టూ ఐదున్నర మీటర్లు, కనీసం అందులో 60 శాతమైనా ఖాళీగా ఉండాలి. యాంటెన్నా బిగించే గొట్టం ఎత్తు పెంచొచ్చు, కాకపోతే ఈ ఫ్రీక్వెన్సీని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చే 2005 నాటి మినహాయింపు డాబా మీద 5 మీటర్ల లోపు యాంటెన్నాకే.

సిరొంచ గట్టు:
ఈ లెక్కలన్నీ ఎందుకన్నా, బైక్వాడ్ అనే తీగ యాంటెన్నా చేయించండి. 244 మి.మీ. రాగి తీగని 30.5 చొప్పున ఎనిమిది భుజాలుగా వంచితే రెండు డైమండ్లు వస్తాయి, వెనక 123 మి.మీ. చదరపు రేకు, తీగకీ రేకుకీ మధ్య 15 మి.మీ. ఎడం. డబ్బా వెతుక్కునే పని లేదు. డైమండ్లు పక్కపక్కనే ఉండేలా పెడితే నిలువు పోలరైజేషన్ (అంటే తరంగం నిలువుగా ఊగుతుంది), అవతలి వైపూ అలాగే ఉండాలి, ఒకటి నిలువు ఇంకోటి అడ్డం అయితే సిగ్నల్ చచ్చిపోతుంది.

వంశధార ఒడ్డు:
రూటర్ పైకెక్కించేశాం, తోట వైపు కాకుండా నీళ్ళ ట్యాంకు పక్క మూల నుంచి చూస్తున్నాం. సిరొంచ అన్నా, రేకుకి అల్యూమినియం పళ్ళెం పనికొస్తుందా?

సిరొంచ గట్టు:
సిగ్నల్‌కైతే ఇబ్బంది లేదు, కానీ మామూలు సోల్డరింగ్ దానికి అంటుకోదు, కేబుల్‌లోని బయటి తీగల అల్లికని రేకుకే అతికించాలి కదా, ఎక్కడ అతికిస్తారు? 15 కిలోల నూనె డబ్బా రేకు కత్తిరించుకోండి. పెయింట్ గీకితే సోల్డర్ వెంటనే పడుతుంది. అంచులు మాత్రం ఆకురాయితో రుద్దించండి, పిల్లల చేతులు తెగుతాయి.