పాత బుల్లెట్‌లో ఆయిల్ ప్రెషర్ లేకపోతే చిక్కటి ఆయిల్ పోయాలా, టైమింగ్ కవర్ విప్పాలా?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

మా నాన్నగారు నడిపిన 1974 మోడల్ 350 సీసీ బుల్లెట్ వర్షాకాలమంతా ఇంట్లోనే నిలబడి ఉండి, ఈ మధ్యే మళ్లీ రోడ్డెక్కింది. పంపు నుంచి ఇంజన్‌లోకి ఆయిల్ వెళ్లే ఫీడ్ దారికి ప్రెషర్ చూపే చిన్న గేజ్ బిగించి చూస్తే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు కొద్దిగా లేస్తోంది. ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాటి ఇంజన్ వేడెక్కేసరికి సున్నాకు పడిపోతోంది. ఇంజన్ పైభాగమైన హెడ్‌కు వెళ్లే ఆయిల్ పైపును బిగించే బాంజో బోల్టు వదులు చేస్తే మాత్రం ఆయిల్ బాగానే వస్తోంది. ఒక మెకానిక్ గారు, "ఆయిల్ తిరుగుతోంది కదా, 20డబ్ల్యూ-50 మల్టీగ్రేడ్ తీసేసి 50 గ్రేడ్ సింగిల్ ఆయిల్ పోయండి, సరిపోతుంది" అంటున్నారు. మరొకరు ఇంజన్ పక్కన పంపులు, గేర్లు ఉండే టైమింగ్ కవర్ విప్పి చూడనిదే బండి తీయవద్దంటున్నారు. ఎవరి మాట వినాలో అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

జవాబు (కరీంనగర్ నుంచి)

తమ్ముడూ, మెకానిక్ చెప్పినదే సబబు. ఈ బండికి కంపెనీ ఏనాడూ ఆయిల్ గేజ్ పెట్టలేదు. కార్ల మాదిరిగా ఎక్కువ ప్రెషర్ మీద నడిచే ఇంజన్ కాదిది. నెమ్మదిగా, కొద్దికొద్దిగా ఆయిల్ అందుతుంటే చాలు. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, అందుకే ఒకప్పుడు అందరూ 40, 50 గ్రేడ్ ఆయిలే పోసేవారు. ఆయిల్ పంపులో ఊగే బిళ్ల కాస్త అరిగినా చిక్కటి ఆయిల్ దాని సందులోంచి తక్కువగా జారుతుంది. బాగున్న ఇంజన్‌ను అనుమానంతో విప్పితే గ్యాస్కెట్లు చిరుగుతాయి, మరలు పోతాయి, కొత్త లీకులు మొదలవుతాయి. గేజ్ తీసేసి హాయిగా నడుపుకో.

జవాబు (కాజీపేట నుంచి)

గేజ్ ముల్లు ఒక్కదాన్నే నమ్మవద్దన్న అన్నగారి మాటతో నాకు పేచీ లేదు. కానీ బాంజో దగ్గర ఆయిల్ కనబడింది కాబట్టి ఇంజన్ బాగుందనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఈ ఇంజన్‌లో పంపులు రెండు. మొదటిది, అంటే ఫీడ్ పంపు, ఆయిల్ ట్యాంకు నుంచి ఆయిల్ తీసుకుని, ఫిల్టర్ గుండా పిస్టన్ తిప్పే క్రాంకు లోపలికీ, అక్కడి నుంచి కనెక్టింగ్ రాడ్డు క్రాంకుకు కలిసే బిగ్ ఎండ్‌కూ పంపుతుంది. రెండోది, అంటే తిరుగు పంపు, క్రాంకు ఉండే క్రాంక్ కేసు అడుగున చేరిన ఆయిల్‌ను ఎత్తి వెనక్కి పంపుతుంది. హెడ్‌లో వాల్వులను నొక్కే రాకర్లకు అందేది ఈ రెండో పంపు ఆయిలే. అంటే బాంజో బోల్టు దగ్గర తమ్ముడు చూసింది తిరుగు పంపు పనిని మాత్రమే, బిగ్ ఎండ్ సంగతి అక్కడ తెలియదు.

పైగా నెలల తరబడి నిలబడిన బండిలో ట్యాంకులోని ఆయిల్ పంపు బిళ్లల సందులోంచి మెల్లగా క్రాంక్ కేసులోకి దిగుతుంది. అలాంటి బండిని స్టార్ట్ చేస్తే, ఫీడ్ పంపు పూర్తిగా పనిచేయకపోయినా, దిగిన ఆ ఆయిల్ అయిపోయేదాకా హెడ్ దగ్గర ఆయిల్ వస్తూనే ఉంటుంది. ఇంకో చోట కూడా మోసపోతాం. ఫీడ్ ఆయిల్ టైమింగ్ కవర్ నుంచి క్రాంకు కొనలోకి దాటే చోట ఒక చిన్న సీలు ఉంటుంది, పాత ఇంజన్లలో అది కార్కుది. అది ఎండి నలిగిపోతే ఆయిల్ క్రాంకులోకి పోకుండా టైమింగ్ గేర్ల మీదికే కారి, అడుగుకు చేరి, తిరుగు పంపు ద్వారా హెడ్‌కు శుభ్రంగా వెళ్తుంది. పైన ధార కడుతుంటే కింద బిగ్ ఎండ్ ఎండిపోతుంది. తమ్ముడు చెప్పిన లక్షణాలు నాకు ఈ సీలు వైపే చూపిస్తున్నాయి.

ఇక ఆయిల్ గ్రేడ్ విషయం. 20డబ్ల్యూ-50లో 50 అన్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరి చిక్కదనాన్ని చెబుతుంది. కాబట్టి వేడెక్కిన ఇంజన్‌లో కొత్త 20డబ్ల్యూ-50, సింగిల్ 50 గ్రేడ్ ఒకే తరగతిలో ఉంటాయి. తేడా అంతా చల్లగా ఉన్నప్పుడే. ముల్లు పడిపోతున్నది వేడెక్కాక అయినప్పుడు, ఈ మార్పు వల్ల ఒరిగేదేమిటి? పొద్దున్నే కిక్ కొట్టగానే ఆయిల్ ఇంకా ఆలస్యంగా అందడం తప్ప. సీలు పోయిన ఇంజన్‌కు చిక్కటి ఆయిల్ పోయడమంటే చిల్లుకుండలో పోయడానికి అంబలిని చిక్కగా కాచడమే.

జవాబు (కరీంనగర్ నుంచి)

రెండు పంపుల సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే మల్టీగ్రేడ్ ఆయిల్ వాడుతున్నకొద్దీ పలచబడుతుంది, సింగిల్ గ్రేడ్ అంతగా పలచబడదు. అదీగాక నిలబడిన బండిలో పెట్రోల్ కాక్ (పెట్రోల్ ట్యాంకు కింది కుళాయి) కారితే పెట్రోలు ఆయిల్‌లో కలిసే అవకాశం కూడా ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడకుండా, ఆయిల్ మార్చకుండా నేరుగా కవర్ మీదికి పోవడం తొందరపాటే అవుతుంది.

జవాబు (మంచిర్యాల నుంచి)

కవర్ విప్పే పని పడితే ఒక్క జాగ్రత్త చెబుతాను. తిరిగి బిగించేటప్పుడు సిలికాన్ పేస్టు వాడవద్దు. బిగ్ ఎండ్ పట్టేసిన (బిగుసుకుపోయిన) ఒక బుల్లెట్ కవర్ తీసి చూస్తే, గ్యాస్కెట్ అంచు నుంచి లోపలికి పిండుకుని వచ్చిన ఎర్రటి పేస్టు గట్టిపడి ఆయిల్ రంధ్రంలో ఇరుక్కుని ఉంది. పిన్నుతో లాగితే అగ్గిపుల్ల పొడవున సాగుతూ వచ్చింది. కాగితం గ్యాస్కెట్ పెట్టినా దాని రంధ్రం కవర్ రంధ్రానికి సరిగ్గా కూర్చుందో లేదో వెలుతురులో చూసుకోవాలి. పంపును తిప్పే వార్మ్ నట్టుకు ఎడమ మరలు, అంటే మామూలుకు వ్యతిరేకంగా తిరిగేవి, ఉంటాయి, తెలియక బలంగా తిప్పితే పాడవుతుంది.

జవాబు (కాజీపేట నుంచి)

పెట్రోలు వాసన చూడమన్న అన్నగారి సలహా చాలా మంచిది, మొదట చేయవలసిన పని అదే. వాసన ఉంటే కాక్ బాగుచేయించి, కొత్త 20డబ్ల్యూ-50 పోసి మళ్లీ గేజ్ చూడాలి. ఆయిల్ మట్టాన్ని మాత్రం ఇంజన్ కొన్ని నిమిషాలు నడిచాకే కొలవాలి. నిలబడిన బండిలో మట్టం తక్కువ చూపిందని పోస్తే ఎక్కువైపోతుంది. ఫిల్టర్ మార్చినా దాని గది నిండేదాకా బిగ్ ఎండ్‌కు ఆయిల్ అందదు కాబట్టి, ముందే చేతితో నింపుకోవడం మేలు.

అయినా ముల్లు లేవకపోతే పంపు మూత తీసి, స్పార్క్ ప్లగ్గు పీకిన ఇంజన్‌ను కిక్‌తో మెల్లగా తిప్పాలి. బిళ్ల అటూ ఇటూ ఊగకపోతే వార్మ్ గానీ దాని కడ్డీ గానీ పోయినట్టు. ఊగుతుంటే బిళ్లనూ అది కూర్చునే ముఖాన్నీ వెలుతురుకు పట్టి చూడాలి. గోరుకు తగిలే గీతలుంటే సన్నటి గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, ఆ పేస్టు రేణువు కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడగాలి. ఇవన్నీ బాగుంటే మిగిలేది కార్కు సీలే, దానికి టైమింగ్ కవర్ విప్పక తప్పదు.

గ్యాస్కెట్ చిరుగుతుందన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఇంజన్ బిగ్ ఎండ్‌లో ఉన్నది తేలే బుష్, అంటే ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే లోహపు గొట్టం. ఆయిల్ పొర తెగితే అది నిమిషాల్లో పట్టేస్తుంది. అప్పుడు ఇంజన్ దించి, క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త బుష్ వేసి, మళ్లీ సూటిగా కూర్చోబెట్టాలి. గ్యాస్కెట్ ఖర్చుకూ ఆ ఖర్చుకూ పోలికే లేదు. పైగా ఆ పని తెలిసినవారు మన జిల్లాలో తగ్గిపోయారు. పరీక్ష కోసం ఇంటి ముందు కొద్దిసేపు నడిపితే ఫరవాలేదు గానీ, కారణం దొరికేదాకా బండిని దూరం తీయకు తమ్ముడూ.