యుద్ధకాలంలో ఫ్యాక్టరీలకెళ్లిన ఆడవాళ్ల సినిమాలు: చూసినవాళ్లు చెప్పండి

ప్యాకింగ్ హాల్, జడ్చర్ల:
ఆదివారం రాత్రి జపాన్ దర్శకుడు కురొసావా సినిమా ఒకటి చూశాను. 1944లో వచ్చింది, ఇంగ్లీషు పేరు 'ది మోస్ట్ బ్యూటిఫుల్'. సైన్యానికి లెన్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో అమ్మాయిల కథ. అందరూ హాస్టల్లో ఉంటారు. ఉత్పత్తి పెంచాలని పైనుంచి ఆర్డరొస్తుంది. మగవాళ్లు 100 శాతం పెంచాలి, ఆడవాళ్లు 50 శాతం పెంచితే చాలు. మాకు సగమేనా అని వీళ్లకు రోషమొస్తుంది. మగవాళ్ల టార్గెట్‌లో మూడింట రెండొంతులు కావాలని అడిగి మరీ తీసుకుంటారు.

అంతవరకు మామూలుగానే చూస్తూ ఉన్నా. లీడరుగా ఉండే వాతనబె అనే అమ్మాయి, మనసు బాగాలేని ఒక రోజు, చెక్ చెయ్యని లెన్సు ఒకటి చెక్ చేసిన వాటిలో కలిపేస్తుంది. ఆ సంగతి ఆమెకు సాయంత్రం గుర్తొస్తుంది. ఆ ఒక్కటి దొరికేదాకా, రాత్రంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్కో లెన్సూ మళ్లీ చూస్తుంది. నాకు అక్కడ గొంతు పట్టేసింది.

నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద తొమ్మిదేళ్లు చేశాను. ఒకసారి బ్యాచ్ అయిపోయాక లెక్క చూస్తే లోపల పెట్టే కాగితం ఒకటి ఎక్కువొచ్చింది. అంటే ఏదో ఒక డబ్బాలో కాగితం లేదన్నమాట. షిఫ్టు అయిపోయింది, బస్సు వెళ్లిపోయింది. పెట్టెలన్నీ విప్పి ఒక్కో డబ్బా తూకం వేశాం. తెల్లారుజామున దొరికింది. ఆ రాత్రికి ఓటీ కూడా రాయలేదు, తప్పు మీదే కదా అన్నారు. వాతనబె కళ్లు నులుముకుని మళ్లీ వంగుతుంటే నా మెడ నొప్పి గుర్తొచ్చింది. ఇలాంటి సినిమాలు ఇంకేమున్నాయి? మీలో ఎవరైనా ఇలాంటి పని చేసినవాళ్లుంటే మీ సంగతి కూడా రాయండి.

పాత రీళ్లు:
మంచి సినిమా ఎత్తారండీ. ఇది హిరత్సుకలో నిజమైన ఫ్యాక్టరీలోనే తీశారు. నిప్పన్ కొగాకు అని, ఇప్పుడు మనం నికాన్ అంటున్న కంపెనీ. కురొసావా ఆ నటీమణులకు మేకప్ తీసేయించి, అక్కడి హాస్టల్లోనే ఉంచాడు. పొద్దున్నే పరుగు, వాలీబాల్, డప్పులు వాయిస్తూ కవాతు, వర్కర్లు తినే తిండే వీళ్లకూ. వాతనబెగా వేసిన యోకో యగుచిని ఆయన 1945లో పెళ్లి చేసుకున్నాడు. ఇది తన గొప్ప సినిమాల్లోది కాదు గానీ తనకు అన్నిటికంటే ఇష్టమైనదని ఆత్మకథలో రాసుకున్నాడు.

అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇది ప్రచార చిత్రం. వాతనబె తన తల్లి చనిపోయిందని తెలిసినా ఇంటికి పోకుండా పనిలోనే ఉండిపోవడాన్ని ఆదర్శంగా చూపిస్తారు. ఇంకో అమ్మాయి జ్వరం దాచిపెట్టుకుని పనికొస్తుంది, ఇంటికి పంపేస్తారేమోనని. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 1945 ఆగస్టు 7న, తొయొకవ నౌకాదళ ఆయుధ కర్మాగారం మీద అమెరికా విమానాలు బాంబులు వేస్తే రెండున్నర వేలమంది దాకా పోయారు. వాళ్లలో బడి మాన్పించి పనికి తెచ్చిన ఆడపిల్లలు చాలామంది. నాకు ఈ సినిమా చూసినప్పుడల్లా ఆ పిల్లలే గుర్తొస్తారు.

ప్యాకింగ్ హాల్, జడ్చర్ల:
మీరు చెప్పింది కాదనను. కానీ చివరి షాట్ మళ్లీ ఒకసారి చూడండి. వాతనబె పనిలోనే ఉంటుంది, నిజమే. కానీ మైక్రోస్కోపులోకి చూస్తూ ఏడుస్తుంది. కన్నీళ్లు అడ్డొచ్చి చూపు ఆనదు, తుడుచుకుని మళ్లీ చూస్తుంది. కెమెరా కదలదు. ప్రచారమే చెయ్యాలనుకున్నవాడు అంతసేపు ఆ ముఖం మీద ఎందుకుంటాడు? దేశం కోసం నవ్వుతూ చేసిందని చూపిస్తే సరిపోయేది కదా. మా నాన్న పోయిన పదకొండో రోజుకే నేను డ్యూటీలో ఉన్నాను. ఆ ఏడుపు ఎవరో చెబితే తీసింది కాదు, చూసి తీసింది అని నాకనిపిస్తోంది.

స్కార్‌బరో అక్క:
కెనడాలో తీసిన 'బాంబ్ గర్ల్స్' చూడండి. 2012లో మొదలైన టీవీ సీరియల్, రెండు సీజన్లయ్యాక ఆపేసి 2014లో ఒక సినిమాతో ముగించారు. టొరంటోలో బాంబులు నింపే ఫ్యాక్టరీ, అందులో బ్లూ షిఫ్టు అనే షిఫ్టులో పనిచేసే ఆడవాళ్లు. వాళ్ల మీద అజమాయిషీ చేసే లోర్నాగా మెగ్ టిల్లీ వేసింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒకామె జుట్టు మెషీన్లో చిక్కుకుంటుంది. అందంగా ఉంటుందని పేరున్న మనిషి, నెత్తి మీద చర్మం ఊడి వచ్చేస్తుంది. నేను అక్కడ టీవీ కట్టేసి కాసేపయ్యాక మళ్లీ పెట్టాను.

ఇది ఊరికే అల్లిన కథ కాదు. టొరంటోలో నేను సరుకులకు వెళ్లే వార్డెన్, ఎగ్లింటన్ రోడ్ల దగ్గరే యుద్ధకాలంలో జీకో అనే మందుగుండు కర్మాగారం ఉండేది. మొత్తం మీద 20 వేలమందికి పైగా పనిచేశారు, ఎక్కువమంది ఆడవాళ్లే. నేల కింద సొరంగాలు కూడా ఉండేవి. పక్కనున్న ఏజాక్స్ ఊరు కూడా గుండ్ల ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిందే. మన తెలుగువాళ్లు ఇప్పుడు అక్కడ ఇళ్లు కొనుక్కుంటున్నారు, ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

ఆ సీరియల్లో నాకు బాగా పట్టుకున్నది బట్టలు మార్చుకునే గది. ఉంగరం, చెవిపోగులు, జడపిన్నులు అన్నీ తీసేసి తెల్లబట్టలు వేసుకోవాలి. ఇనుము తగిలి ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు, అంతా పోతుంది.

ప్యాకింగ్ హాల్, జడ్చర్ల:
అక్కా, మాకూ అంతే. మొదటిరోజు గాజులు, మెట్టెలు, చివరికి తాళి కూడా తీసి లాకర్లో పెట్టమన్నారు. మాకైతే నిప్పు భయం కాదు, మందులో ఏదైనా రాలుతుందని. నాకు పెళ్లయి నాలుగు నెలలే. చెయ్యి మెడ దాకా వెళ్లి ఆగిపోయింది. పక్కనున్న పెద్దావిడ తనది తీసి, కళ్లకద్దుకుని, రుమాలులో చుట్టి పెట్టింది. "సాయంత్రం మళ్లీ వేసుకుంటాం కదమ్మా" అంది. అప్పుడు తీశాను. ఇంట్లో అత్తకు రెండేళ్లు చెప్పలేదు.

లీడ్స్ నుంచి:
బ్రిటన్‌లో 1943లో వచ్చిన 'మిలియన్స్ లైక్ అస్' కూడా ఉంది. 1941 డిసెంబరు చట్టంతో 20 నుంచి 30 ఏళ్ల పెళ్లికాని ఆడవాళ్లను యుద్ధపనికి తప్పనిసరి చేశారు, ఆ రోజుల కథ. విమానాల ఫ్యాక్టరీలో సీలియా అనే అమ్మాయి. చివర్లో భర్త చనిపోయాక క్యాంటీన్‌లో అందరూ పాట అందుకుంటారు, ఆమె మెల్లగా గొంతు కలుపుతుంది.

నేనుండే చోటికి దగ్గర్లోనే బార్న్‌బో అని ఉంది. మొదటి యుద్ధంలో, 1916 డిసెంబరు 5 రాత్రి, అక్కడ గుండ్ల షెడ్డులో పేలుడు జరిగి 35 మంది ఆడవాళ్లు చనిపోయారు. యుద్ధ సమయం కాబట్టి వార్త బయటికి పొక్కనివ్వలేదు. టీఎన్‌టీ అనే పేలుడు మందుతో పనిచేసి ఒళ్లు పసుపురంగుకు తిరిగిన ఆడవాళ్లను ఇక్కడ కెనరీలనేవాళ్లు, అంటే పసుపురంగు పిట్టలు. పేరు ముద్దుగా ఉంది గానీ, కొందరికి అది కాలేయం చెడి వచ్చే కామెర్లు కూడా అయ్యుండేది.

కాకిబంగారం:
నాది గూడూరు. మా జేజి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మైకా షెడ్డులో పనిచేసింది, అప్పటికి పన్నెండేళ్లో పదమూడేళ్లో. మైకా అంటే అభ్రకం, మా వైపు కాకిబంగారం అంటారు. రేడియోలకు, విమానాల స్పార్క్ ప్లగ్గులకు అది లేకపోతే పని జరగదు. అందుకే 1942లో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశపు మైకా కొనడానికి మిషన్ ఒకటి పెట్టాయి. మా జేజికి ఇదేమీ తెలియదు. "తెల్లోళ్లకు ఎంతిచ్చినా చాలేది కాదు" అని మాత్రం అనేది.

పని ఎట్లా చేసేదో నాకు చేసి చూపించింది. చిన్న కత్తి మొన పలక అంచులో పెట్టి, ఊపిరి బిగబట్టి తోస్తే రేకు విడివడుతుంది. దాన్ని మళ్లీ చీల్చాలి, మళ్లీ చీల్చాలి. ఉల్లిపొర కంటే పలచన అయ్యేదాకా. బొటనవేలి కొన మీద గీతలు చచ్చేదాకా పోలేదు. ఇంటికొచ్చాక ముఖం, చేతులు తళతళలాడేవంట, ఎంత కడిగినా పొయ్యేది కాదంట.

మీరు సినిమాల గురించి రాస్తున్నారు. ఆ షెడ్డుల మీద సినిమా లేదు, ఫోటో కూడా నేను చూడలేదు.

స్కార్‌బరో అక్క:
మీ జేజికి కూలి ఎంతిచ్చేవాళ్లో చెప్పిందా? యుద్ధం అయిపోయాక ఏం చేసింది?

కాకిబంగారం:
కూలి తూకాన్ని బట్టి అనింది, ఎంతో నేను అడగలేదక్కా. నా తప్పే. యుద్ధం అయ్యాక పని తగ్గిందని పిల్లల్ని ముందు తీసేశారంట. తర్వాత పెళ్లయింది, పొలం పనులకు పోయింది.

మీ పోస్టు చదివి నిన్న రాత్రి ఆ జపాన్ సినిమా మా అమ్మకు చూపించాను. భాష రాదు, కింద అక్షరాలు కూడా ఆమె చదవలేదు. ఒక అమ్మాయి లెన్సును వెలుతురుకు ఎత్తి చూస్తుంటే, ఆపమని చెయ్యి చూపించింది. "మా అమ్మ అట్లే చూసేది, మచ్చ ఉందా అని. ముసలిదయ్యాక కూడా గాజు గ్లాసు కడిగితే అట్లా ఎత్తి చూసేది" అనింది. లేచి పోయి అటక మీది రేకుడబ్బా దించింది. లోపల అరచేయంత మైకా పలక ఒకటి ఉంది, ఒక మూల చీల్చడం మొదలుపెట్టి వదిలేసినట్టు.