పార్సిల్ బండితో మొదలుపెట్టేదా, దూరాలు పోయే లైన్ లారీకి పొయ్యేదా?

పుత్తూరు_కుర్రోడు
అన్నలకు నమస్కారం. నాకు 22 ఏండ్లు. కారు లైసెన్సు తీసుకొని రెండేండ్లయింది. డ్రైవింగే పనిగా పెట్టుకుంటానని ఇంట్లో ఒప్పించినా. తిరుపతిలో ఒక పార్సిల్ సర్వీసులో చిన్న లారీకి మనిషి కావాలంటున్నారు. రాత్రి బెంగళూరు నుంచి దిగిన సరుకును తెల్లారి తిరుపతి, పుత్తూరు అంగళ్ళకు చేర్చాల. మా మామ మాత్రం "ఆ పార్ట్ లోడ్ గోల నీకెందుకురా, నా వెంట క్లీనరుగా వచ్చేయ్, కొన్నాళ్ళకు ఫుల్ లోడ్ బండి నీ చేతికొస్తుంది" అంటాడు. ఏది మేలు?

బంగారుపాళెం_లైన్
మీ మామ మాట విను తమ్ముడూ. 19 ఏండ్లు స్టీరింగ్ పట్టినా, అందులో నాలుగేండ్లు పార్సిల్ బండే. ఫుల్ లోడ్ అంటే ఒక చోట ఎక్కించుకొని, పట్ట కట్టుకొని, ఒక చోట దించేది. ఒకే పార్టీ, ఒకే బిల్లు. పార్ట్ లోడ్‌లో నలభై మంది సరుకు, నలభై ఎల్.ఆర్.లు, అంటే సరుకు రసీదులు. అందులో ఒక్కడు 50,000 పైన సరుకుకు ఈ-వే బిల్లు (జీఎస్టీ రవాణా పత్రం) తీయకపోతే జీఎస్టీ స్క్వాడ్ వాళ్ళు ఆపేది వాడి పెట్టెను కాదు, నీ బండిని. మిగతా ముప్పైతొమ్మిది మంది ఫోన్లు నీకే వస్తాయి. సాయంత్రం లెక్కలో ఒక్క పెట్టె తగ్గితే షార్టేజ్ నీ పేరు మీదే రాస్తారు.

గోడౌన్_తిరుపతి
నాకు మూడు పార్సిల్ బండ్లున్నాయి. నేనూ డ్రైవరుగా మొదలైనోడినే. అబ్బాయీ, భయపడొద్దు. రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినే డ్రైవరు పని ఇదొక్కటే. పైగా చేతికి పని వస్తుంది. సందులో రివర్స్ పెట్టేది, అద్దంలో ఎనక టైరు చూసుకుంటా మలుపు తిప్పేది రోజుకు ఇరవై సార్లు చేస్తావు. లైన్ బండిలో అది ఆర్నెల్లకు కూడా రాదు. లోడు ఏర్పాటు కూడా విద్యే. ఆఖరున దించేది ముందు ఎక్కాల. స్పేర్ పార్టుల పెట్టెలు అడుగున, మందుల పెట్టెలు పైన. గుడ్డల బేళ్ళ మీద నూనె డబ్బా పెట్టినావంటే ఆ రోజు అయిపోయింది. షార్టేజ్ సంగతి అంటావా, ఎల్.ఆర్. కట్ట చేతిలో పట్టుకొని తలుపు దగ్గర నిలబడి నగాలు, అంటే పెట్టెలు మూటలు, లెక్కపెట్టుకుంటే రానే రాదు.

హెవీ_రేణిగుంట
ముందు లైసెన్సు సంగతి చూడండబ్బా. కారు లైసెన్సుతో లారీ ఎట్లా ఎక్కుతాడు? లైసెన్సు మీద ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (రవాణా బండి నడిపే అనుమతి) లేకుండా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు రాదు.

కోర్టురోడ్డు_చిత్తూరు
అది పాత మాట అన్నా. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా బండికి ఎల్.ఎం.వి. లైసెన్సు, అంటే కారు లైసెన్సే, చాలు. తమ్ముడూ, ఆ బండి ఆర్సీలో జి.వి.డబ్ల్యు. (లోడుతో కలిపి మొత్తం బరువు) ఎంతుందో నీ కళ్ళతో చూడు. 7,500 దాటితే మాత్రం ఎక్కొద్దు.

హెవీ_రేణిగుంట
చాలు అంటే చాలదు. రేపు ఈ పిల్లోడు పెద్ద బండికి పోవాలంటే హెవీ కావాల్సిందే గదా. వయసు 20 నిండింది, ఎల్.ఎం.వి. ఏడాది దాటింది, ఇప్పుడే ఎల్.ఎల్.ఆర్. (లెర్నింగ్ లైసెన్సు) పెట్టుకోవచ్చు. ఎందుకు ఆలస్యం?

కోర్టురోడ్డు_చిత్తూరు
పెట్టుకోవద్దని నేనెక్కడన్నా అన్నానా? ఇప్పుడు అడిగిన బండికి చాలునా చాలదా, అది చెప్పినా.

బంగారుపాళెం_లైన్
లైసెన్సు పక్కన పెట్టండి. "తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టు" అన్నాడే గోడౌన్ అన్న, దానికి జవాబు కావాల. తెల్లారుజామున మూడున్నరకు హమాలీలు నలుగురు ఒకేసారి మోస్తా ఉంటారు. గుమాస్తా ఆ పక్క "బిరీన కానీ, ఇంకో బండి నిలబడింది" అని అరుస్తాంటాడు. కొత్త పిల్లోడు "ఆగండి, లెక్క తప్పింది, మళ్ళీ దించండి" అంటే ఎవరు దించుతారు? లెక్కపెట్టనిచ్చేది ఎవరు?

గోడౌన్_తిరుపతి
లెక్కపెట్టకుండా సంతకం చేసేది ఎవరు? నువ్వే గదా. సంతకం పెట్టినాక సరుకు నీది.

పలమనేరు_టమోటా
ఫుల్ లోడ్ హాయి అని ఊరికే చెప్పకండి. మొగిలి ఘాట్‌లో లోడుతో దిగి చూడండి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దించేవాళ్ళను చూసినా, సగం దిగేలోపల బ్రేకులు కాలిన వాసన. ఎక్కిన గేరులోనే దిగాలని ఈ పిల్లోడికి ముందే చెప్పండి.

బంగారుపాళెం_లైన్
సంతకం పెట్టినాక సరుకు నాదా? అయితే బాడుగలో వాటా ఎందుకు నాది కాదు? సరే, చెప్పేస్తా. పన్నెండేండ్ల కిందట ఒక పార్సిల్ ఆఫీసులో మోటారు విడిభాగాల పెట్టె ఒకటి తగ్గింది. 9,000 అన్నారు. మూడు నెలల జీతంలో కోసినారు. నన్ను ఒక్క మాట అడగలా. హమాలీల ముందర, టీ అంగడి వాడి ముందర "దొంగ నాయాలా" అన్నాడు మేనేజరు. తర్వాత గోడౌన్ సున్నం కొట్టేటప్పుడు బేళ్ళ ఎనకాల ఆ పెట్టె దొరికింది. బండి ఎక్కనే లేదది. దుడ్లు తిరిగి ఇచ్చినారు, కాదనను.

గోడౌన్_తిరుపతి
దుడ్లు ఇచ్చేసినారు గదా, మళ్ళీ గొడవేంది? నాకూ కోసినారు. రెండు సార్లు. మాట్లాడకుండా కట్టినా, పని మానలేదు. అందుకే ఈ రోజు మూడు బండ్లున్నాయి. ఒక్క పెట్టెకు అలిగి పోయినోడు నువ్వు.

బంగారుపాళెం_లైన్
అలిగి పోయినానా! దుడ్లు నా చేతిలో పెట్టినారు సామీ, లోపల రూములో, తలుపేసి. దొంగ అని అరిచింది బయట, నలుగురిలో. ఆ నలుగురిని పిలిచి "వీడు తీయలేదు" అని చెప్పినోడు లేడు. ఆ టీ అంగడి ముందర ఇప్పటికీ బండి ఆపను. నీకు చెయ్యని తప్పుకు కోసినారు, నువ్వు కట్టినావు. సరే. దానికని నీ కింద పని చేసే పిల్లోడు కూడా కట్టాల్నా? అదొక్కటే అడుగుతున్నా.

కోర్టురోడ్డు_చిత్తూరు
చట్టంలో కూడా ఆ మాట ఉంది. మొదట 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉండేది, 2025 నవంబరు నుంచి దాని బదులు వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఉంది: అప్పగించిన సరుకు పోయిందని జీతం కోయాలంటే ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాల. కోసేముందు అతని సంజాయిషీ అడగాల. ఇక సరుకు పంపిన పార్టీకి జవాబు చెప్పాల్సింది ట్రాన్స్‌పోర్టు సంస్థే, అది 2007 నాటి రోడ్డు రవాణా చట్టం.

గోడౌన్_తిరుపతి
నిన్న రాత్రి జవాబు రాయలేకపోయినా. మొన్న దీపావళి ముందు ఒక పిల్లోడికి 2,400 కోసినా. అడగలేదు. ఎల్.ఆర్. మీద సంతకం ఉంది, కోసేసినా. ఇది చదివినాక పొద్దున వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే, ఆ రోజు లోడింగప్పుడు నేనే వాణ్ణి డీజిలు పట్టించుకురమ్మని పంపినానంట. నాకు గుర్తే లేదు. దుడ్లు ఇస్తా, లోడింగ్ టైములో అందరి ముందే ఇస్తా. కానీ ఒకటి, లెక్కపెట్టకుండా సంతకం చేయడం తప్పే. ఆ మాట మీదనే ఉన్నా.

బంగారుపాళెం_లైన్
లెక్కపెట్టనివ్వకుండా సంతకం అడగడం అంతకన్నా తప్పు. నేనూ ఆ మాట మీదనే ఉన్నా. ఆ పిల్లోడికి ఇచ్చేటప్పుడు మాత్రం నలుగురూ ఉండేటట్టు చూడన్నా.

పుత్తూరు_కుర్రోడు
అన్నలారా, ఈ రోజు ఆ పార్సిల్ ఆఫీసుకు పోయినా. ఆర్సీ చూసినా, 7,500 లోపలే ఉంది. "లోడింగప్పుడు నేను లెక్కపెట్టుకోవచ్చా, తక్కువుంటే ఎల్.ఆర్. మీద రాసి సంతకం చేయొచ్చా" అని అడిగినా. గుమాస్తా నవ్వినాడు. లోపల నుంచి పెద్దాయన వచ్చి "రాసుకో, కానీ నాలుగు గంటలకు కాదు, మూడింటికే రావాల" అన్నాడు. సోమవారం నుంచి పోతున్నా. మామకింకా చెప్పలేదు. నగాలు లెక్కపెట్టేటప్పుడు సుద్దముక్కతో పెట్టె మీద టిక్కు పెట్టేది మేలా, కాగితం మీదా?

పలమనేరు_టమోటా
సుద్దముక్క. కాగితం వానకు తడుస్తుంది.

గోడౌన్_తిరుపతి
రెండూ.