చిన్న ట్రాకుల స్టాక్ కార్ రేసులు: ఏఎస్ఏ అంత పేరున్న సిరీస్ ఎందుకు బందైంది?

అలైన్‌మెంట్ షాపు, మిర్యాలగూడ:
అన్నలూ, జర తెలిసినోళ్లు చెప్పుండ్రి. నాది టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఫోన్ల అమెరికా పాత రేసులు చూస్తుంట, పెద్ద నాస్కార్ (అమెరికాల స్టాక్ కార్ రేసులు నడిపే పెద్ద కంపెనీ) రేసులు కాదు, గా చిన్న ట్రాకుల మీద గిర్రగిర్ర తిరిగేటివి. అండ్ల 1980ల నాటి ఏఎస్ఏ రేసులు దొరికినయి, అమెరికన్ స్పీడ్ అసోసియేషన్ అంట. మార్క్ మార్టిన్, రస్టీ వాలెస్, అలన్ కుల్వికి, తర్వాత నాస్కార్‌ల పెద్దోళ్లయినోళ్లు మస్తు మంది అండ్లనే కనవడ్తున్నరు. ఏడు సార్ల కప్ (నాస్కార్ల అన్నిటికంటె పెద్ద సిరీస్) చాంపియన్ జిమ్మీ జాన్సన్ సుత 1998ల అక్కడ కొత్తోళ్ల అవార్డు గెల్సిండు. ఇంతమంది నడిపిన సిరీస్ 2004 కాంగనే ఎట్ల మాయమైంది? ఇంకో డౌటు, స్టాక్ కార్ అంటె షోరూం నుంచి వచ్చిన బండి కదా, ఈ బండ్లకు డోరే తెరుచుకోదు, మరి ఇదేం స్టాక్?

షార్లెట్‌ల నల్లగొండోడు:
రెండో డౌటు ముందు చెప్త, ఎందుకంటె కథ అక్కడ్నే మొదలైంది. 1949 జూన్ 19న మా షార్లెట్‌లనే, ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద నాస్కార్ వాళ్లు మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసు పెట్టిండ్రు. నిజంగనే షోరూం బండ్లు తెచ్చి తోలాలె, ఏం మార్చొద్దు. గ్లెన్ డనవే అనేటాయన ఫోర్డ్ తోటి గెల్సిండు, కాని రేసైనంక బండి కిందికి దూరి చూస్తె ఎనక స్ప్రింగులకు పని చేసి ఉన్నరు. అది దొంగ సారా మోసే బండి, లోడు ఎత్తినా వంగకుండ, మూలమలుపుల తిరగవడకుండ అట్ల చేసుకున్నరు (మన దిక్కు గుడుంబా తోలినోళ్లను అడిగితె ఈ ఉపాయం వాళ్లే చెప్తరు). వెంటనే కొట్టేసి, మూడు ల్యాపులు ఎనకవడ్డ జిమ్ రోపర్‌కు గెలుపు ఇచ్చిండ్రు. ఆయన లింకన్ కారు తోటి కాన్సాస్ నుంచి వచ్చినోడు. ఫోర్డ్ ఓనరు కోర్టుకు పోయిండు, ఓడిపోయిండు, రూల్సు పెట్టుకునే హక్కు నాస్కార్‌కు ఉన్నదని జడ్జి తేల్చేసిండు. అంటె అన్నా, స్టాక్ అనేది మొదటి రేసుకే గొడవల పడ్డది. తర్వాత్తర్వాత సేఫ్టీ అనుకుంట, స్పీడ్ అనుకుంట అంతా పైపుల ఛాసిస్ అయిపోయింది, పైన తొడిగే బాడీ ఒక్కటే కారు లెక్క కనవడ్తది.

ఇగ ఏఎస్ఏ ముచ్చట. దాన్ని 1968ల రెక్స్ రాబిన్స్ పెట్టిండు, ఇండియానా దిక్కు మనిషి. అప్పుడు ఇండియానా, మిషిగన్, విస్కాన్సిన్ అటు ప్రతి చిన్న ఊరికి ఒక పావు మైలో అర మైలో ట్రాక్ ఉండె, ఒక్కొక్క ట్రాక్ రూల్సు ఒక్కొక్క తీరు, ఒకచోట నడిచే బండి ఇంకోచోట తనిఖీల పాస్ కాకపోతుండె. రాబిన్స్ చేసిందేందంటె అందరికీ ఒకటే రూల్‌బుక్ పెట్టి, 1973 నుంచి దాన్ని ఊరూరు తిరిగే టూర్ చేసిండు. అదే టైంకి నాస్కార్‌కు సిగరెట్ కంపెనీ పైసలొచ్చి, 1972 నుంచి 250 మైళ్ల లోపు రేసులన్నీ పెద్ద సిరీస్‌ల నుంచి తీసేసిండ్రు. ఏడాదికి 48 రేసులు ఉండేటివి 31కి వచ్చినయి. పోయినయన్నీ చిన్న ట్రాకులే. వాటికి వేరే పెద్ద షో కావాలె, ఏఎస్ఏ లాంటి వాటికి ఆ ఖాళీ దొరికింది. దక్షిణం దిక్కు ఆల్ ప్రో అని ఇంకోటుండె, 1981ల రెండూ కలిసి నాష్‌విల్‌ల ఆల్ అమెరికన్ 400 పెట్టినయి, ఉత్తరమోళ్లు ఒక దిక్కు దక్షిణమోళ్లు ఒక దిక్కు, మొదటిది సౌత్ కరోలినా బుచ్ లిండ్లీ కొట్టిండు.

మార్క్ మార్టిన్ సంగతి చూడు. 1978, 79, 80 వరుసగ మూడేండ్లు ఏఎస్ఏ చాంపియన్. అదే ఊపుల సొంత టీం తోటి నాస్కార్ కప్‌ల దిగిండు, పైసలు చాలలేదు, సామాన్లమ్ముకునే కాడికి వచ్చింది. మళ్ల ఏఎస్ఏకే వచ్చిండు, 1986ల నాలుగోసారి చాంపియన్ అయి, ఆ తర్వాతనే జాక్ రౌష్ టీంల సీటు సంపాదించిండు. అది సిరీస్ గొప్పతనం అనను, కిందపడ్డోడు వచ్చి మళ్ల నిలబడెటందుకు ఒక జాగ ఉండె అంట.

పాలమూరు పోరడు:
షార్లెట్ అన్న బాగనే చెప్పిండు గాని బందైన కారణం చెప్పకుండ మార్టిన్ మీదికి పోయిండు. నా లెక్కలైతె మూడు దెబ్బలు పడ్డయి. ఒకటి, 1995ల నాస్కార్ ట్రక్ సిరీస్ (లారీలు కాదు, పికప్ బండ్ల రేసులు) మొదలువెట్టి అవే చిన్న ట్రాకులకు వచ్చింది, టీవీతోటి, పేరుతోటి. స్పాన్సర్ అనేటోడు ఏఎస్ఏకు పైసలిస్తడా ట్రక్కుకిస్తడా? రెండు, టీవీ. టీఎన్ఎన్ ఛానెల్‌ల ఏఎస్ఏ రేసులు లైవ్ వస్తుండె, అది పోయినంక అసలు దెబ్బ తగిలింది, ఎందుకంటె స్పాన్సర్ స్టిక్కర్ అతికించేది టీవీల కనవడాలని, ట్రాక్ కాడికొచ్చిన జనం చూడాలని కాదు. మూడు, రాబిన్స్ అమ్మేసి పోయిండు. ఖర్చు తగ్గియ్యాలని ఆఖరేండ్లల్ల అందరికీ ఒకే తీరు సీల్ వేసిన జీఎం ఇంజన్లు పెట్టిండ్రు, ఆలోచన మంచిదే, కాని ఇంజన్ ఖర్చు తగ్గిస్తె ఆ పైసలు షాక్ అబ్జార్బర్లకు పోతయి, షాకులు ఆపితె టైర్లకు పోతయి, పోటీ ఉన్నంతసేపు ఖర్చు ఎక్కడ్నో ఒక దగ్గర బయటికొస్తది.

అంతెందుకు, నాస్కార్ సొంత ప్రాంతీయ టూర్లు, సౌత్ఈస్ట్, మిడ్‌వెస్ట్, నార్త్‌వెస్ట్, సౌత్‌వెస్ట్, నాలుగూ 2006తోటి బంద్. అంత పెద్ద కంపెనీకే కిట్టుబాటు కాలే. మిగిలినవాట్ల ఒకటి వెస్ట్ సిరీస్, 1954ల మొదలైంది, ఇప్పుడు ఆర్కా మెనార్డ్స్ వెస్ట్ పేరుతోటి నడుస్తుంది. దాంట్ల హెర్షెల్ మెక్‌గ్రిఫ్ అనే పెద్దాయన 1986ల చాంపియన్, 2018ల 90 ఏండ్ల వయసుల మళ్ల వచ్చి రేసు తోలిండు, ఇది అబద్ధమనుకుంటరు గాని నిజం.

అలైన్‌మెంట్ షాపు, మిర్యాలగూడ:
థ్యాంక్స్ అన్నలూ. ఇంకోటి, వీడియోలల్ల టైరు చుట్టూ టేపు వెట్టి కొలుస్తుంటరు, కుడి దిక్కుది ఒక సైజు ఎడమ దిక్కుది ఒక సైజు. నా షాపుల అట్లజేస్తె గిరాకీ గల్లా పట్టుకుంటడు.

కోదాడ డీజిల్:
దాన్ని స్టాగర్ అంటరు భయ్యా. ఎనక యాక్సిల్ లాక్ అయి ఉంటది, అంటె రెండు చక్రాలు ఒకే లెక్కన తిరుగుతయి, మన కార్ల డిఫరెన్షియల్ లెక్క కాదు. ఎప్పుడూ ఎడమకే తిరగాలె కాబట్టి బయటి టైరు ఎక్కువ దూరం పోవాలె, దానికి చుట్టుకొలత జర పెద్దది పెడ్తరు. స్టీలు గ్లాసు అడ్డం పండవెట్టి తోస్తె అదే గుండ్రంగ తిరుగుతది చూడు, అదే సూత్రం. స్టాగర్ ఎక్కువైతె బండి మూలల మీద తోక జాడిస్తది, తక్కువైతె ముక్కు గోడ దిక్కు పోతది. గాలి ఎంత పెట్టిండ్రనేదాంతోటి కూడ కొలత మారుతది, అందుకే టేపు తోటి ఊకె కొలిచేది. బరువు కూడ సగానికంటె ఎక్కువ ఎడమ దిక్కే పెట్టుకుంటరు, సీసం దిమ్మెలు కడ్తరు.

ఈ దిమ్మెల మీదనే 2013 స్నోబాల్ డెర్బీ పంచాయితి. ఫ్లోరిడాల పెన్సకోలా ఊర్ల ఫైవ్ ఫ్లాగ్స్ ట్రాక్, అర మైలు, 1968 నుంచి ఏటా డిసెంబర్‌ల నడుస్తది, చిన్న ట్రాకోళ్లకు దాన్ని మించిన రేసు లేదు. ఛేజ్ ఇలియట్ ముందుగ వచ్చిండు, తనిఖీల సీసం బదులు టంగ్‌స్టన్ ముక్క దొరికింది. అది సీసం కంటె బరువు, చిన్న ముక్క పెడ్తె సరిపోతది, కిందికి పెట్టుకోవచ్చు, రూల్సు ఒప్పుకోవు. గెలుపు తీసేసి ఎరిక్ జోన్స్‌కు ఇచ్చిండ్రు. పెద్ద డ్రైవర్ కొడుకని కూడ చూడలే, అది నాకు నచ్చింది.

షార్లెట్‌ల నల్లగొండోడు:
పాలమూరు తమ్ముడు చెప్పింది ఒప్పుకుంట గాని ఒక మాట. టూర్లు పోయినయి, ట్రాకులు అన్నీ పోలే. విన్‌స్టన్ సేలం ఇక్కడ్నుంచి గంటన్నర లోపే, అక్కడ బోమన్ గ్రే స్టేడియం. ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూ పావు మైలు సపాట్ తారు, 1949 నుంచి ఎండాకాలంల నాస్కార్ రేసులు. మా బామ్మర్దిని తోల్కపోయిన, ముందు ముక్కు మూసుకున్నడు టైరు వాసనకు, పది ల్యాపులైనంక లేచి నిలవడి మోడిఫైడ్ అనే క్లాసు బండోణ్ణి తిడ్తున్నడు, వాడెవడో వీనికి తెల్వదు! అక్కడ అంతే, సగం జనం ఒకణ్ణి గెలిపియ్యనీకె వస్తరు, సగం వాణ్ణే ఓడగొట్టనీకె. 1971ల అక్కడ బాబీ ఆలిసన్ మస్టాంగ్ తోటి గెల్సిన కప్ రేసు, ఆ బండి వేరే క్లాసుదని ఎవ్వరి పేరు మీద రాయకుండ ఇడిచిపెట్టిండ్రు, 2024ల గాని ఆయన ఖాతాల వెయ్యలేదు. అదే నవంబర్‌ల ఆయన పోయిండు. ముందే రాసుంటె ఏం పోతుండెనో.

టూర్‌కు ప్రతి వారం కొత్త ఊరు, హోటలు, డీజిల్, ట్రైలర్. బోమన్ గ్రే డ్రైవర్ శనివారం రాత్రి రేసు తోలి ఇంటికి పోయి పంటడు, ఆ తేడా ఉన్నది.

హుజూర్‌నగర్ నుంచి:
మనోళ్లు ఎవరన్నా తోలిండ్రా వీటిల?

పాలమూరు పోరడు:
కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ తోలిండు, 2010ల ట్రక్ సిరీస్, మొదటి రేసే మార్టిన్స్‌విల్, అర మైలు చిన్న ట్రాక్. 13వ ప్లేసు. ఓవల్ (ఇట్ల గిర్రగిర్ర తిరిగే కోడిగుడ్డు తీరు ట్రాక్) మీద ఎన్నడూ తోలనోడు ఫార్ములా వన్ నుంచి వచ్చి అంత చేసిండంటె తక్కువ కాదు, ఆ ఏడు జనం ఓట్లేసి మోస్ట్ పాపులర్ డ్రైవర్‌ను చేసిండ్రు. మన దేశంల మద్రాసు కాడ, కోయంబత్తూర్ల, నోయిడా దిక్కు ఉన్నయి గాని అన్నీ కుడికీ ఎడమకీ మూలలు తిరిగే సర్క్యూట్లే. హైదరాబాద్‌ల 2023 ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) అయితె రోడ్డు మూసి పెట్టిండ్రు, మరుసటేడే రద్దు.

మిర్యాలగూడ అన్నా, నువ్వు బాధపడకు, ఏఎస్ఏ పేరు మళ్ల వచ్చింది. 2023 నుంచి ఏఎస్ఏ స్టార్స్ నేషనల్ టూర్ అని నడుపుతున్నరు, మొదటేడు టై మజెస్కీ గెల్సిండు. పాతవి చూసినంక ఇవి పెట్టి చూడు, స్టాగర్ కొలిచే టేపు మాత్రం మారలే.