పాత స్కూటర్‌కి సోడియం బ్యాటరీ వేయించొచ్చా?

బెజవాడ_పార్సిల్:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. నాది ఐదేళ్ల పాత ఎలక్ట్రిక్ స్కూటర్, 60 వోల్టుల ఎల్ఎఫ్‌పీ (లిథియంలోనే ఒక రకం) బ్యాటరీ. పార్సిళ్లు వేసేది దాని మీదే. కొత్తలో ఒక్క చార్జింగ్‌కి 70 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 35 దాటడమే కష్టంగా ఉంది, మధ్యాహ్నం రెండో ట్రిప్పుకి బయల్దేరేటప్పుడే టెన్షన్ మొదలవుతుంది. మేముండేది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, రోజూ రాత్రి బ్యాటరీ మోసుకుని మెట్లెక్కాలి. ఆన్‌లైన్‌లో ఒకాయన సోడియం అయాన్ ప్యాక్ ఇస్తానంటున్నాడు. లిథియం కన్నా చవకట, ఎండకి భయం లేదట, అసలు అంటుకోదట, నా పాత చార్జరే సరిపోతుందట. అడ్వాన్స్ కట్టమంటున్నాడు. కట్టేయనా?

ఖమ్మం_ప్యాక్_రిపేర్:
తమ్ముడూ, ఇప్పుడే కట్టకు. సోడియం మంచి సరుకే, కానీ పాత చార్జరే సరిపోతుందన్నాడంటే అతనికి ఆ సెల్ సంగతి తెలియదు. ఎల్ఎఫ్‌పీ సెల్ చాలాసేపు 3.2 వోల్టుల దగ్గరే నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. సోడియం సెల్ అలా కాదు, ఫుల్ చార్జి మీద 4 వోల్టుల దగ్గర మొదలై 1.5 దాకా దిగుతూనే ఉంటుంది. 20 సెల్స్ వరసలో కడితే పైన 80 వోల్టులు, కింద 30. నీ చార్జరేమో 73 దగ్గర ఆపేస్తుంది, మోటార్‌కి కరెంటు పంపే కంట్రోలర్ 52 దగ్గర బండి ఆపేస్తుంది. పైనా పోయె, కిందా పోయె!

మొన్న నా దగ్గరికి సోడియం ప్యాక్ వేయించిన ఇలాంటి బండే ఒకటొచ్చింది. ఆగిపోయిన చోట మీటర్ పెడితే 51.8 చూపించింది, ఓనరేమో ప్యాక్ చచ్చిపోయిందని బాధపడుతున్నాడు. ప్యాక్ బయటికి తీసి ఐదు హెడ్‌లైట్ బల్బులు సిరీస్‌లో కట్టి వదిలితే మెల్లగా మసకబారుతూనే చాలాసేపు వెలిగాయి, లెక్క చూస్తే దాదాపు నాలుగో వంతు చార్జి ఇంకా లోపలే ఉంది. కంట్రోలర్, చార్జర్, బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) మూడూ సోడియంకి తగ్గట్టు ఉంటేనే ఇది పనికొస్తుంది.

సెల్_టెస్టింగ్_హైదరాబాద్:
ఖమ్మం అన్న చెప్పింది నిజం. బరువు సంగతి కూడా చూసుకో తమ్ముడూ. సోడియం పరమాణువు లిథియం కన్నా మూడింతలకు పైగా బరువు, సెల్ వోల్టేజీ కూడా కాస్త తక్కువ, అందుకే అదే కెపాసిటీకి ప్యాక్ నాలుగైదు కిలోలు ఎక్కువ తూగొచ్చు. మూడంతస్తులు మోసేది నువ్వే కదా. అంటుకోదు అన్నది కూడా నమ్మొద్దు. లిథియంతో పోలిస్తే రిస్క్ తక్కువే కావచ్చు, కానీ చాలా సోడియం సెల్స్‌లోనూ ఎలక్ట్రోలైట్ మండే ద్రవమే.

అలాగని దీన్ని తీసిపారేయకండి. చైనాలో యాదియా కంపెనీ 2025 జనవరిలో సోడియం స్కూటర్లు తెచ్చింది, 15 నిమిషాల్లో 80 శాతం ఎక్కుతుందని చెబుతున్నారు. అవి మొదటి నుంచీ సోడియం కోసమే తయారైన బండ్లు, తేడా అక్కడుంది. చలిలో బాగా పనిచేయడం దీని పెద్ద బలం, మన బెజవాడలో ఆ బలంతో పనేముంది?

నెల్లూరు_ఈవీ:
చవక అన్న మాటకి ఒక లెక్క. 2022 నవంబర్‌లో చైనాలో లిథియం బ్యాటరీల ముడి సరుకైన లిథియం కార్బొనేట్ టన్ను దాదాపు 6 లక్షల యువాన్లు, అప్పుడు సోడియం మీద అందరికీ ఆశ పుట్టింది. 2024లో అదే లక్ష యువాన్ల కిందికి దిగింది, దాంతో ఆ ఆశ చాలావరకు చల్లబడింది. సోడియంలో రాగి రేకు బదులు అల్యూమినియం రేకు వాడొచ్చు, ముడి సరుకు ఉప్పంత సులువుగా దొరుకుతుంది, కాబట్టి ఫ్యాక్టరీలు పెరిగితే ధర తగ్గుతుందని నా నమ్మకం. రిలయన్స్ 2022లో బ్రిటన్‌లోని సోడియం బ్యాటరీ కంపెనీ ఫారడియన్‌ని కొన్నదీ దీనికోసమే. బరువు పెద్దగా పట్టింపు లేని ఇన్వర్టర్లకి, ఈ-రిక్షాలకి ముందు వస్తే బాగుంటుంది.

ఇంకో మాట, ఎవరి దగ్గర కొన్నా ఏఐఎస్ 156 (ఈవీ బ్యాటరీల భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్ అడుగు. లేదంటే వదిలేయ్.

బెజవాడ_పార్సిల్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆయన్ని సర్టిఫికెట్, సెల్ డేటాషీట్ రెండూ అడిగాను, ఫోన్ చేస్తానన్నాడు, రెండు రోజులైంది, చేయలేదు. అన్నా, నా పాత ప్యాక్‌లో ఒకటి రెండు సెల్సే పోయి ఉంటే అవి మాత్రం మార్చొచ్చా?

ఖమ్మం_ప్యాక్_రిపేర్:
మార్చొచ్చు, ముందు చూడాలి. ఇంట్లో నువ్వు మాత్రం విప్పకు. ఫుల్ చార్జి చేసి తీసుకురా, ఒక్కో సెల్ విడిగా కొలిచి చెబుతా.