భక్తి ఉంటే లేమి బాధించదా?

పటమట వాసి:
మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఏటా భవానీ మాల వేసుకుంటుంది. అద్దె గది, చీటీపాట బాకీలు. అయినా "అమ్మవారు చూసుకుంటుందిలే సార్" అని నవ్వేస్తుంది. రెండు ఫ్లాట్లున్న నాకు మాత్ర వేసుకోందే నిద్ర రాదు. తృప్తికి డబ్బు కంటే దేవుడే దగ్గరి దారా?

ఆటోనగర్ శీను:
సార్, ఆవిడ మీ ముందు నవ్వుతోంది, అంతే. జీతం పెంచమంటే మీరు నవ్వుతారా? గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడకు తెచ్చారు. తలరాత అనుకున్నన్నాళ్లూ మనిషి ఎదురు ప్రశ్న వేయడనే ఆయన బాధ. దుర్గమ్మ కొండ మీద కూడా టికెట్ లైను వేరు, ఉచిత దర్శనం లైను వేరు కదా!

గుణదల అమ్మాయి:
శీనన్నా, 2024 సెప్టెంబరు 1, బుడమేరు వాగు మన సింగ్‌నగర్‌ను ముంచిన రోజు ఆదివారం. మా పిన్ని చర్చిలో ప్రార్థనకు రాలేదని ముందు కనిపెట్టింది సంఘంవాళ్లే. పడవలో పులిహోర పొట్లాలు తెచ్చిందీ వాళ్లే. మతం మత్తుమందు అన్న మార్క్స్, అదే చోట దాన్ని హృదయం లేని లోకానికి హృదయం అని కూడా అన్నాడు. మీవాళ్లు సగమే చదువుతారు.

లెక్కల మాస్టారు:
ఇద్దరూ సగం సగం రైటే. డీనర్, టే, మైయర్స్ అనే పరిశోధకులు 2011లో చాలా దేశాల్లో గాలప్ సంస్థ చేసిన సర్వేలు చూశారు. బతుకు కష్టంగా ఉన్న దేశాల్లో మతాన్ని నమ్మేవాళ్లకే తృప్తి ఎక్కువ. తోడు, గౌరవం దొరకడం అందుకు పెద్ద కారణం. సదుపాయాలు బాగున్న దేశాల్లో నమ్మినా నమ్మకున్నా దాదాపు ఒకటే. ఫిన్లాండ్ 2018 నుంచి 2025 దాకా ఏటా సంతోషంలో ఫస్ట్, అక్కడేమో వారం వారం చర్చికెళ్లేవాళ్లు కొద్దిమందే. ఇక అమెరికాలో 2010 నాటి లిమ్, పట్నమ్ అనే పరిశోధకుల అధ్యయనం ఇంకా తమాషా: చర్చికి వెళ్లినా అక్కడ స్నేహితులు లేకపోతే ఆ తృప్తి పెద్దగా కనపడలేదు.

ఆటోనగర్ శీను:
అంటే యూనియన్ ఆఫీసులో స్నేహితులున్నా సరిపోతుందన్నమాట.

లెక్కల మాస్టారు:
వరదొస్తే మీ యూనియన్ కూడా పడవ తెస్తే, సరిపోవచ్చు.

పటమట వాసి:
ఇవాళ ఆవిడనే అడిగాను. "మాలలో ఉన్నన్నాళ్లూ అందరూ భవానీ అని పిలుస్తారు సార్. మిగతా రోజులు పనావిడే కదా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆటోనగర్ శీను:
జీతం సంగతో?

పటమట వాసి:
అదీ అడిగింది. చూద్దాంలే అన్నాను.